అధికార వికేంద్రీకరణ – మన వాడల సాంఘిక, సాంస్కృతిక వికాసం



మేము ఈ హాస్టల్లో ఉండి చదువుకుని పి.జి. దాకా వచ్చినవాళ్ళం. మా ఇళ్ళల్లో డిగ్రీ పట్టా చేతికి తీసుకున్న మొదటివాళ్ళం కూడా మేమే. మాలో కొందరిది మదనపల్లె వైపు, కొందరిది పుంగనూరు వైపు, ఇంకొందరిది కుప్పం వైపు. వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ సార్ అడిగినప్పుడు, పరీక్షల్లో మార్కుల కోసం పదిసార్లు రాసిన ప్రశ్ననే ఈసారి మన ఊళ్ళ కోసం రాద్దామనుకున్నాము. 'అధికార వికేంద్రీకరణ అనగానేమి? దాని ప్రయోజనములు తెలుపుము' అన్నదే ఆ ప్రశ్న.

ముందుగా ఒక చిన్న సంగతి. మేము తొమ్మిదో తరగతిలో ఉండగా దసరా సెలవులకు ఊరికి పోయినాము. మా తాత పలక భుజానికి తగిలించుకుని వీధి వీధీ తిరుగుతూ చాటింపు వేస్తున్నాడు. రేపు పొద్దున పంచాయతీ ఆఫీసు కాడ గ్రామసభ జరుగుతుందనీ, అందరూ రావాలనీ ఆ చాటింపు. మరునాడు సభ వేళకు చూస్తే తాత ఇంటి ముందు వేపచెట్టు కింద కూర్చుని తట్ట అల్లుకుంటున్నాడు.

"తాతా, చాటింపు వేసింది నువ్వే గదా, సభకు పోలేదేం?" అని అడిగినాము.

"అది ఊరోళ్ళ సభ నాయనా. మనకు ఆడేం పని?" అన్నాడు తాత.

మా సాంఘికశాస్త్రం పుస్తకంలో, ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ గ్రామసభ సభ్యులే అని ఉంది. తాత ఏ ఎన్నికలోనూ ఓటు వేయకుండా ఉన్నవాడు కాదు. పుస్తకం ప్రకారం ఆ సభ తాతది కూడా. తాత మాట ప్రకారం కాదు. ఈ రెంటి మధ్య ఉన్న దూరం ఎట్లా వచ్చింది, ఎట్లా తగ్గుతుంది అన్నదే ఈ వ్యాసంలో మేము చెప్పదలచుకున్నది.

వికేంద్రీకరణ అంటే ఏమిటి?

మన హాస్టల్ సంగతే తీసుకుందాం. ఏ రోజు ఏ కూర వండాలో, ఎవరికి ఎన్ని గ్రాముల పప్పు పెట్టాలో పైనుంచి వచ్చిన మెనూ చార్టు గోడకు అంటించి ఉంటుంది. ఆ చార్టు రాసినవారికి మన ఊరి సంతలో ఈ వారం బీరకాయ చవకో, బెండకాయ చవకో తెలియదు. విద్యార్థులతో మెస్ కమిటీ వేసి, ఉన్న డబ్బులో ఏ కూర కొనాలో మీరే చూసుకోండి అన్నారనుకోండి. అప్పుడు నిర్ణయం తినేవాడి దగ్గరికి వచ్చింది. నిర్ణయాన్ని దాని ఫలితం అనుభవించేవాళ్ళకు దగ్గరగా తేవడమే వికేంద్రీకరణ.

దీనికి మూడు కావాలి. మొదటిది విధులు, అంటే ఏ పనులు ఎవరివో తేల్చి చెప్పడం. రెండోది నిధులు. మూడోది సిబ్బంది, అంటే ఆ పని చేసిపెట్టే ఉద్యోగులు. పని అప్పగించి డబ్బు ఇవ్వకపోయినా, డబ్బు ఇచ్చి మనిషిని ఇవ్వకపోయినా అది పేరుకు మాత్రమే వికేంద్రీకరణ.

అయితే మెస్ కమిటీలో పెద్ద తరగతుల అన్నలు నలుగురే కూర్చుని, చిన్న తరగతుల పిల్లల మాట వినకపోతే ఏమవుతుంది? అధికారం పైనుంచి కిందికి దిగింది కానీ కిందనున్న నలుగురి దగ్గరే ఆగిపోయింది. చిన్నపిల్లలకు దానివల్ల ఒరిగిందేమీ లేదు. పల్లెల విషయంలో కూడా అసలు చిక్కు ఇదే. మన రాజ్యాంగం రాసేటప్పుడే ఈ చర్చ జరిగింది.

గాంధీగారి గ్రామం – అంబేద్కర్ గారి గ్రామం

గాంధీగారు గ్రామ స్వరాజ్యాన్ని కోరారు. ప్రతి గ్రామం తన వ్యవహారాలు తాను చూసుకునే చిన్న గణతంత్రంగా ఉండాలన్నది ఆయన కల. డాక్టర్ అంబేద్కర్ 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో మాట్లాడుతూ ఈ ఆలోచనను గట్టిగా వ్యతిరేకించారు. గ్రామం అంటే అజ్ఞానం, సంకుచితత్వం, కులతత్వం పేరుకున్న చోటు అనీ, రాజ్యాంగానికి గ్రామం కాక వ్యక్తి పునాదిగా ఉండాలనీ ఆయన వాదన. ఊరికి అధికారం ఇస్తే ఆ ఊళ్ళో ఎవరి చేతుల్లోకి పోతుందో ఆయనకు అనుభవపూర్వకంగా తెలుసు.

చివరికి పంచాయతీల మాట 40వ అధికరణంగా రాజ్యాంగంలో చేరింది. అయితే అది ఆదేశిక సూత్రాల్లోనే ఉంది కాబట్టి, పంచాయతీలు పెట్టలేదని ప్రభుత్వాన్ని కోర్టుకు ఈడ్చే వీలు లేకపోయింది.

1957లో బల్వంతరాయ్ మెహతా కమిటీ మూడంచెల పంచాయతీరాజ్‌ను సిఫార్సు చేసింది. 1959 అక్టోబర్ 2న రాజస్థాన్‌లోని నాగౌర్‌లో ఆ వ్యవస్థ ప్రారంభమయింది. అదే సంవత్సరం రెండో రాష్ట్రంగా ఆంధ్రప్రదేశ్ దాన్ని చేపట్టింది. అప్పుడు ఏర్పడ్డ సమితులు చాలా పెద్దవి. ఒక కాగితం మీద సంతకం కోసం ఒక రోజు కూలి పోగొట్టుకుని పోవలసి వచ్చేదని మా పెద్దలు ఇప్పటికీ చెబుతారు. 1985లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం ఆ సమితుల స్థానంలో దాదాపు 1,100 మండలాలను ఏర్పాటు చేసింది. కుప్పం పక్కన శాంతిపురం, రామకుప్పం, గుడుపల్లె. పుంగనూరు పక్కన చౌడేపల్లె, సోమల, సదుం. మదనపల్లె పక్కన నిమ్మనపల్లె, రామసముద్రం ఇవన్నీ అట్లా మండల కేంద్రాలైన ఊళ్ళే. ఆఫీసు ఇంటికి దగ్గరైంది. ఇది చిన్న మార్పు కాదు.

పెద్ద మార్పు 73వ రాజ్యాంగ సవరణతో వచ్చింది. అది 1993 ఏప్రిల్ 24 నుంచి, పట్టణాలకు సంబంధించిన 74వ సవరణ అదే సంవత్సరం జూన్ 1 నుంచి అమలయ్యాయి. వాటిని అనుసరించి మన రాష్ట్రంలో 1994లో పంచాయతీరాజ్ చట్టం వచ్చింది. ఐదేళ్ళకొకసారి ఎన్నికలు తప్పనిసరి అయ్యాయి. షెడ్యూల్డు కులాలకు, తెగలకు వారి జనాభాను బట్టి స్థానాలు, స్త్రీలకు మూడో వంతు స్థానాలు రిజర్వు అయ్యాయి. మన రాష్ట్రం 2011లో స్త్రీల వాటాను సగానికి పెంచింది.

మిత్రులు ఇక్కడ ఒక విషయం గమనించాలి. గాంధీగారు అడిగిన గ్రామానికి అధికారం వచ్చింది. అంబేద్కర్ గారి భయానికి జవాబుగా అదే సవరణలో రిజర్వేషన్లు కూడా వచ్చాయి. రెండోది లేకుండా మొదటిది మాత్రమే వచ్చి ఉంటే, మన వాడలకు వికేంద్రీకరణ అంటే పెత్తనం మరింత దగ్గరికి రావడమే అయ్యేది.

సంస్కృతి కూడా పంచాయతీ పనే

పంచాయతీ అంటే వీధిదీపాలు, కాలువలు, కుళాయిలు అనే మనమంతా అనుకుంటాము. కానీ రాజ్యాంగం 11వ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగించదగిన 29 అంశాలు ఉన్నాయి. వాటిలో 17వది విద్య, 20వది గ్రంథాలయాలు, 21వది సాంస్కృతిక కార్యక్రమాలు, 22వది సంతలు, తిరునాళ్ళు, 27వది బలహీన వర్గాల, ముఖ్యంగా షెడ్యూల్డు కులాల, తెగల సంక్షేమం, 29వది ఉమ్మడి ఆస్తుల నిర్వహణ. పట్టణాలకు 12వ షెడ్యూలులో 18 అంశాలు ఉండగా, సాంస్కృతిక, విద్యా, కళా రంగాల ప్రోత్సాహం వాటిలో ఒకటి.

ఇవి కాగితం మీది మాటలే కావచ్చు. కానీ కాగితం మీద ఉన్నందువల్లే అడిగే హక్కు మనకు ఉంది. ఉదాహరణకు గ్రంథాలయాన్ని చూడండి. మనం కట్టే ఇంటి పన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కూడా వసూలవుతుంది. పంచాయతీ గానీ మున్సిపాలిటీ గానీ ఆ సొమ్మును జిల్లా గ్రంథాలయ సంస్థకు జమచేయాలి. దీనికి 1960 నాటి గ్రంథాలయ చట్టం ఆధారం. కూలికి పోయే మన అమ్మానాయనలు కూడా పుస్తకం కోసం పన్ను కడుతున్నారన్నమాట. ఆ సొమ్ము సకాలంలో జమకాదన్న ఫిర్యాదు తరచూ వినిపిస్తుంది. కాబట్టి మన వాడకు పఠన మందిరం కావాలని అడగడం ఎవరి దయనో కోరడం కాదు, మనం కట్టినదానికి లెక్క అడగడం.

మన మూడు ఊళ్ళ నుంచి మూడు పాఠాలు

మొదట పుంగనూరు. ఇది ఒకప్పటి జమీందారీ సంస్థానం. ఊరి పేరు చెప్పగానే పొట్టి ఆవులు గుర్తుకొస్తాయి, ఆ తరువాత సుగుటూరు గంగమ్మ జాతర గుర్తుకొస్తుంది. సంస్థానపు ఇంటితో ముడిపడిన జాతర అది. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టంతో మద్రాసు రాష్ట్రంలో జమీందారీలు పోయాయి. జాతర మాత్రం నిలిచింది. వేలాదిమంది వస్తే నీళ్ళు పెట్టాల్సింది, దీపాలు వేయాల్సింది, చెత్త ఎత్తాల్సింది మున్సిపాలిటీ. ఒకప్పుడు దొరల ఇంటి పండుగ, ఇప్పుడు పన్ను కట్టే ప్రజలందరి సొమ్ముతో ఏర్పాట్లు జరిగే పండుగ. అందరి సొమ్ము అయినప్పుడు అందరి గౌరవం కూడా కావాలి కదా!

మన వైపు ఏ ఊరి జాతరకైనా పలకలు కొట్టేది మన వాళ్ళే. జాతర నాడు పలక లేకపోతే అమ్మవారు కదలదంటారు. ఆ మరునాడు ఆ పలక కొట్టిన మనిషి ఎక్కడ నిలబడతాడో మనకందరికీ తెలుసు. ఈ విషయంలో మాలో మాకే వాదన వచ్చింది. పలక మనకు అంటగట్టిన వెట్టి గనుక వదిలేయాలని కొందరం అన్నాము. అది మన తాతల విద్య, వేదికలెక్కించాలని ఇంకొందరం అన్నాము. చాలాసేపు మాట్లాడుకున్న తరువాత మాకు అర్థమైంది ఏమిటంటే, తేడా పలకలో లేదు, కొట్టాలా వద్దా అని నిర్ణయించేది ఎవరు అన్నదాంట్లో ఉంది. పిలిచినప్పుడు పోక తప్పదంటే అది వెట్టి. కూలి ఎంతో ముందే మాట్లాడుకుని, ఇష్టమైతే పోయి, కాకుంటే మానుకోగలిగితే అది కళ. సాంఘిక వికాసం లేని సాంస్కృతిక వికాసం ఉండదని మేమనేది ఇందుకే.

రెండోది కుప్పం. ఆంధ్ర, తమిళనాడు, కర్ణాటక మూడు రాష్ట్రాలు కలిసే మూల ఇది. ఒకే బస్సులో మూడు భాషలు వినబడతాయి. ఇంట్లో తమిళమో కన్నడమో మాట్లాడి, బడిలో తెలుగు చదివే పిల్లలు మన హాస్టళ్ళలో కూడా ఉన్నారు. రాజ్యాంగంలోని 350–ఎ అధికరణం 1956లో చేర్చినది. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే వసతులు కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ, రాష్ట్రంలోని ప్రతి స్థానిక సంస్థా కృషి చేయాలని అది చెబుతుంది. 'స్థానిక సంస్థ' అన్న మాట అందులో ఉందని మాకు పి.జి.కి వచ్చేదాకా తెలియదు. 1997లో కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం ఏర్పడటానికి కూడా ఈ సరిహద్దు భాషల సంపదే ఒక కారణం. రాజధానికి దూరంగా, మూలన ఉన్నామని బాధపడే చోటికే ఒక విశ్వవిద్యాలయం రావడం కూడా ఒక రకం వికేంద్రీకరణే.

కుప్పం నుంచి ఇంకొక పాఠం ఉంది. పంచాయతీగా ఉన్న కుప్పం మున్సిపాలిటీ అయింది. 2021 నవంబర్‌లో దానికి మొదటిసారి ఎన్నికలు జరిగాయి. మున్సిపాలిటీ అయితే రోడ్లు, నిధులు పెరుగుతాయని అందరూ సంతోషిస్తారు. కానీ రాజ్యాంగం చెప్పిన గ్రామసభ పల్లెలకే. పట్టణాల్లో వార్డు కమిటీలు తప్పనిసరి అయ్యేది 3 లక్షలు, అంతకు పైన జనాభా ఉన్నచోట మాత్రమే. మన మూడు పట్టణాలూ ఆ లెక్కకు తక్కువే. అంటే పట్టణంలో కలిసిన వాడకు దీపం వెలుగు పెరుగుతుంది, కూర్చుని అడిగే చాప మాత్రం తగ్గుతుంది. అక్కడివాళ్ళు కౌన్సిలర్‌నైనా క్రమం తప్పకుండా వాడకు పిలిపించుకుని మాట్లాడుకోవాలి.

మూడోది మదనపల్లె. 1915లో స్థాపించిన ఇక్కడి బిసెంట్ దివ్యజ్ఞాన కళాశాలలోనే 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ టాగూర్ జనగణమనను ఇంగ్లీషులోకి అనువదించారు. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ కజిన్స్ స్వరం రాయడంలో తోడ్పడ్డారు. మనం రోజూ ప్రార్థనలో పాడే పాట చరిత్రలో కలకత్తా, ఢిల్లీలతో పాటు మన మదనపల్లె కూడా ఉంది. అట్లాగే దగ్గర్లోని రిషీవ్యాలీలో, ఒకే గదిలో నాలుగైదు తరగతులు నడిచే పల్లె బడుల కోసం బొమ్మల అట్టలతో ఒక బోధనా పద్ధతి తయారైంది. 1990లలో కర్ణాటకలో మొదలైన 'నలి–కలి' కార్యక్రమానికి అది ప్రేరణ అయింది. మంచి ఆలోచన పెద్ద నగరంలోనే పుట్టాలని ఏమీ లేదు. దానికి కావలసినది చోటు, తీరిక, నమ్మకం. ఆ మూడూ మన వాడల పిల్లలకు కూడా దొరకాలన్నదే మా కోరిక.

అక్షరానికి తపసు మాను

ప్రభుత్వం, ప్రజల సంస్కృతి చేతులు కలిపితే ఏమవుతుందో చెప్పడానికి మన జిల్లాలోనే ఒక ఉదాహరణ ఉంది. మన పల్లెల్లో ధర్మరాజుల గుడి దగ్గర భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. అర్జునుడి వేషగాడు పొడుగాటి మాను ఎక్కి తపస్సు చేసే రోజున ఊరంతా అక్కడే ఉంటుంది. 1990ల మొదట్లో ఉమ్మడి చిత్తూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం వచ్చినప్పుడు దానికి పెట్టిన పేరు 'అక్షర తపస్మాన్'. ఆ మాట వినగానే, చదువు రాని అవ్వకు కూడా తపసు మాను కళ్ళముందు నిలుస్తుంది. ఢిల్లీ నుంచి వచ్చిన పథకానికి మన వీధినాటకం పేరు పెట్టడంతో అది మన ఇంటి మాట అయింది.

ఆ రోజుల్లోనే పక్కనున్న నెల్లూరు జిల్లా దూబగుంటలో, రాత్రి బడిలో చదువుకున్న పాఠాల నుంచి స్త్రీలు సారా దుకాణాలను ఎదిరించారు. 1992లో ఆ ఉద్యమం రాష్ట్రమంతా వ్యాపించింది. 1993 అక్టోబర్ 1 నుంచి ప్రభుత్వం సారాను నిషేధించింది. కింద కూర్చున్నవాళ్ళు మాట్లాడితే పైనున్న చట్టం మారుతుందనడానికి ఇంతకంటే పెద్ద సాక్ష్యం అక్కరలేదు.

అడ్డంకులు

అన్నీ మంచి మాటలే చెబితే మా వ్యాసం పరీక్ష పేపరు అవుతుంది. అందుకని చేదు నిజాలు కూడా రాస్తున్నాము.

సరిహద్దు దాటితే తమిళనాడు. అక్కడ మదురై జిల్లా మేలవళవు పంచాయతీ అధ్యక్ష పదవి షెడ్యూల్డు కులాలకు రిజర్వు అయింది. ఎన్నికైన మురుగేశన్‌ను, ఆయనతోపాటు మరి ఐదుగురిని 1997 జూన్‌లో చంపేశారు. ఆయన చేసిన నేరం కుర్చీలో కూర్చోవడమే. అదే జిల్లాలోని పాపాపట్టి, కీరిపట్టి వంటి రిజర్వుడు పంచాయతీల్లో 1996 నుంచి దాదాపు పదేళ్ళపాటు ఎన్నికలు సవ్యంగా జరగనివ్వలేదు. 2006లో గానీ అక్కడ దారి తెరుచుకోలేదు. రాజ్యాంగం కుర్చీ ఇస్తుంది, దానిలో కూర్చోనివ్వవలసింది ఊరు.

మన వైపు ఇంత దారుణం కాకపోయినా వేరే రకం పద్ధతులు ఉన్నాయి. సర్పంచి ఒకరు, పెత్తనం ఇంకొకరిది. స్త్రీ గెలిస్తే భర్తనే 'సర్పంచి గారూ' అని పిలుస్తారు. వాడ మనిషి గెలిస్తే వెనక ఇంకొక పెద్దమనిషి చెక్కులు రాయిస్తాడు.

డబ్బు సంగతి చూస్తే, 15వ ఆర్థిక సంఘం 2021–26 కాలానికి పంచాయతీలకు ఇచ్చిన గ్రాంటులో 60 శాతాన్ని తాగునీరు, పారిశుద్ధ్యానికే కేటాయించింది. మిగిలిన 40 శాతంలోనే తక్కిన అవసరాలన్నీ చూసుకోవలసి వచ్చింది. పాటకు, పుస్తకానికి, ఆటకు వంతు వచ్చేసరికి చేతిలో ఏమీ మిగలదు. ఇక ఎన్నికలు ఆలస్యం కావడం ఇంకొక జబ్బు. 2018 ఆగస్టులో పంచాయతీల గడువు ముగిస్తే మళ్ళీ ఎన్నికలు జరిగింది 2021 ఫిబ్రవరిలో. ఆ మధ్య కాలమంతా ప్రత్యేకాధికారుల పాలనే. ఐదేళ్ళకొకసారి అన్న రాజ్యాంగం మాట అంత సులభంగా పక్కకు పోయింది.

మా ఊళ్ళో జరిగింది

మళ్ళీ మా ఊరికి వస్తాము. వాడలో ఒక కమ్యూనిటీ హాలు ఉంది. పేరుకు మనదే. మేము పుట్టకముందు కట్టినది. దానిలో ఎవరివో టమోటా క్రేట్లు, డ్రిప్పు పైపులు పెట్టి తాళం వేసుకున్నారు. పెండ్లి అయినా, చావు అయినా మా వాళ్ళు రోడ్డు మీదే షామియానా వేసుకోవాలి. ఎవరూ అడగలేదు. అడగవచ్చని ఎవరికీ తోచలేదు.

మన చట్టం ప్రకారం గ్రామసభ జరగవలసిన తేదీల్లో ఏప్రిల్ 14, అక్టోబర్ 3 ఉన్నాయి. ఏప్రిల్ 14 ఏ రోజో మీకు చెప్పనక్కరలేదు. ప్రతి ఏడాదీ ఆ రోజు బాబాసాహెబ్ విగ్రహానికి దండ వేసి, మిఠాయి పంచి ఇంటికి పోయేవాళ్ళం. 2022లో మేము డిగ్రీ చదువుతున్నప్పుడు, దండ వేసిన తరువాత ఇంటికి పోకుండా నేరుగా గ్రామసభకు పోయినాము. పదకొండు మందిమి. చేతిలో ఒక అర్జీ. హాలు ఖాళీ చేయించాలని, అందులో పిల్లలు చదువుకోవడానికి దీపం, రెండు బెంచీలు, ఒక దినపత్రిక కావాలని రాసినాము.

మొదటిసారి "చూద్దాంలే" అన్నారు. ఇంటికి వచ్చిన తరువాత మాకు తెలిసింది, మా అర్జీ తీర్మానాల పుస్తకంలోనే ఎక్కలేదని. అక్టోబర్ 3న మళ్ళీ పోయినాము. ఈసారి ముప్పై మందికి పైగా. ఆడవాళ్ళే ఎక్కువ. ఆ రోజు మా తాత కూడా వచ్చినాడు. లోపలికి వచ్చి గోడ పక్కన నిలబడినాడు. మా అవ్వ చెయ్యి పట్టి లాగి చాప మీద కూర్చోబెట్టింది. తీర్మానం రాసేదాకా లేచేది లేదని కూర్చున్నాము. రాసినారు. చదివి వినిపించమని అడిగినాము. వినిపించినారు.

హాలు ఖాళీ కావడానికి ఇంకా నాలుగు నెలలు పట్టింది. బెంచీలు ఇప్పటికీ ఒకటే వచ్చింది. దినపత్రిక కొన్నాళ్ళు వచ్చి ఆగింది, మేము చందాలు వేసుకుని మళ్ళీ తెప్పించుకున్నాము. గొప్ప విజయం అని మేము చెప్పడం లేదు. కానీ సాయంత్రం పూట ఆ హాల్లో పదిమంది పిల్లలు దీపం కింద చదువుకుంటున్నారు. జాతరకు పలక కొట్టేవాళ్ళకు కూలి ముందే మాట్లాడుకోవాలని వాడ పెద్దలు ఆ హాల్లో కూర్చునే నిర్ణయించుకున్నారు. నిరుడు చాటింపు వేసి వచ్చిన తాత పలక గోడకు తగిలించి, "పోదాం పదండ్రా, సభకు టైమైంది" అన్నాడు.

మనం ఏమి చేయగలం?

హాస్టల్ మిత్రులు చేయదగిన పనులు కొన్ని కింద ఇస్తున్నాము. ఇవేవీ డబ్బుతో కూడినవి కావు.

1. పద్దెనిమిదేళ్ళు నిండగానే సొంత ఊళ్ళో ఓటరుగా పేరు రాయించుకోండి. ఆ రోజు నుంచి మీరు గ్రామసభ సభ్యులు. ఇరవై ఒక్క ఏళ్ళు నిండితే వార్డు మెంబరుగా, సర్పంచిగా పోటీ చేయవచ్చు.

2. గ్రామసభ తేదీలు హాస్టల్ నోటీసు బోర్డు మీద రాసి పెట్టండి. ఆ రోజుకు ఇంటికి పోలేకపోతే ముందురోజు ఇంటికి ఫోన్ చేసి అమ్మను, నాయనను పంపండి. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు జరిగాయి. సభ జరగడం ఒకటి, అందులో మన వాళ్ళు ఉండటం ఇంకొకటి.

3. నోటితో అడిగినదానికి విలువ లేదు. రాసి ఇవ్వండి, తీర్మానాల పుస్తకంలో ఎక్కించమనండి, చదివి వినిపించమనండి.

4. సమాచార హక్కు చట్టం 2005 అక్టోబర్ 12 నుంచి అమలులో ఉంది. మన రాష్ట్ర నిబంధనల ప్రకారం గ్రామ స్థాయి ఆఫీసుల్లో దరఖాస్తుకు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. పంచాయతీకి వచ్చిన నిధుల వివరాలు ఇ–గ్రామస్వరాజ్ పోర్టల్‌లో కూడా చూడవచ్చు. సెల్‌ఫోన్ ఉన్న ప్రతి ఒక్కరూ ఒకసారి తమ పంచాయతీ పేరు కొట్టి చూడండి.

5. జస్టిస్ పున్నయ్య కమిషన్ తరువాత ప్రతి నెలా 30న పౌర హక్కుల దినం జరపాలన్న ఏర్పాటు వచ్చింది. అధికారులు పల్లెకు వచ్చి అంటరానితనం గురించి ప్రజలతో మాట్లాడాలి. మీ ఊళ్ళో జరుగుతున్నదా అని అడగండి.

6. సెలవులకు పోయినప్పుడు మీ తాతలకు, అవ్వలకు వచ్చిన పాటలు, పలక దరువులు, కథలు ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. వాళ్ళ పేరుతో సహా రాయండి. మన వాడ చరిత్ర ఇంకెవరూ రాయరు.

ముగింపు

2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టినప్పుడు మదనపల్లె అన్నమయ్య జిల్లాలోకి పోయింది. పుంగనూరు, కుప్పం అప్పుడు చిత్తూరు జిల్లాలోనే మిగిలాయి. కుప్పం రెవెన్యూ డివిజన్ అయింది. ఆ తరువాత కూడా హద్దుల మార్పు మాటలు ఆగలేదు. కలెక్టరాఫీసు దగ్గరికి రావడం మంచిదే. కానీ మ్యాపు మీద గీత ఎన్నిసార్లు మారినా, ఊరికీ వాడకూ మధ్య ఉన్న గీత దానంతట అది మారదు. దాన్ని చెరపగలిగినది ఆ సభలో చాప మీద కూర్చునే మన వాళ్ళే.

మన ముందు తరం చాటింపు వేసింది. మన తరం సభలో కూర్చుని తీర్మానం చదవగలదు. ప్రభుత్వ హాస్టల్ అన్నం తిని, ఆ అన్నం పెట్టిన ప్రజల పన్నుతో చదువుకున్న మనం, నేర్చిన అక్షరాన్ని మొదట మన ఊరి తీర్మానాల పుస్తకం మీద ఉపయోగించాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాము.

జై భీమ్.